జీతం కోస్తారు సరే, మాట్లాడేదెవరు?

అమ్మానాన్నలను పట్టించుకోని సర్కారు ఉద్యోగి జీతంలో కోత పెట్టి, ఆ డబ్బు అమ్మానాన్నల ఖాతాలో వేయాలన్న ముచ్చట మళ్ళీ నడుస్తోంది. 2025 అక్టోబరులో గ్రూప్-2 కొలువులు వచ్చినవాళ్లకు నియామక పత్రాలిస్తూ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ మాట అన్నారు, అప్పటి నుంచి హనుమకొండ చాయ్ హోటళ్ల దగ్గర కూడా ఇదే చర్చ. ఉమ్మడి కుటుంబాలు ఎట్లా విడిపోయాయి, జగిత్యాల నుంచి, సిరిసిల్ల నుంచి ఎంతమంది దుబాయి పోయారు అన్నది అందరికీ తెలిసిన కథే, వదిలేద్దాం.

నన్నడిగితే అసలు మలుపు 2007లో ఉంది. ఆ ఏడాది కేంద్రం తెచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో పోషణ అంటే ఏమేంటో పేరుపెట్టి రాశారు: తిండి, బట్ట, ఉండటానికి చోటు, వైద్యం. ఆ చట్టం పనికిరాదని నేననడం లేదు. ఈ కేసులు వినే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెడితే చాలు, వకీలుతో పనిలేదు, నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించొచ్చు. పస్తులుంటున్న వాళ్లకు అది పెద్ద అండ. కానీ ఆ నాలుగూ అందుతున్నా పలకరించే మనిషి లేని అవ్వ, దరఖాస్తులో ఏమని రాయాలి?

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నాడు. కొడుకు డాలస్‌లో, డబ్బులు ఠంచనుగా పంపుతాడు. పెద్దాయన రోజుకు రెండుసార్లు కిరాణా షాపుకు వస్తాడు, పొద్దున పాల ప్యాకెట్ కోసం, సాయంత్రం షాపాయనతో నాలుగు మాటల కోసం. చట్టం లెక్కలో ఆ కొడుకు తప్పేం లేదు.

చట్టం వదిలేసిన ఈ పలకరించే పనికి మన రాష్ట్రంలో ఒక అడుగు పడింది. 2017లో హైదరాబాద్‌లో టాటా ట్రస్ట్స్, విజయవాహిని ఫౌండేషన్ ద్వారా పెద్దల కోసం ఒక హెల్ప్‌లైన్ పెట్టింది. పింఛన్ సంగతులు, వృద్ధాశ్రమాల వివరాలే కాదు, మనసు బాగోలేదని ఫోన్ చేసినా వినే హెల్ప్‌లైన్ అది. 2021 అక్టోబరు 1న అదే ఎల్డర్‌లైన్‌గా, 14567 నంబరుతో దేశమంతటికీ వచ్చింది. పని వేళలు పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకు. (ఒంటరితనం మొదలయ్యేది సరిగ్గా ఆ ఎనిమిది తర్వాతే!) ఆ టైంలో చేయాల్సింది 14416కు. మనసు బాగోలేనివాళ్ల కోసం 2022 అక్టోబరులో వచ్చిన హెల్ప్‌లైన్, టెలీ మానస్ ఇది, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అయితే ఊళ్లలో ఎవరూ "నాకు డిప్రెషన్" అనరు. నిద్ర పడతలేదు, ఆకలైతలేదు, ఒళ్లంతా గుంజుతోంది అంటారు, ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది వేయించుకుని ఇంటికొస్తారు, కథ అక్కడితో ఆగిపోతుంది. పక్కన ఇంకో మనిషి కూర్చుని రోజూ వింటుంటే తప్ప ఆ మాటల వెనక ఏముందో బయటపడదు.

కోత ఉండాలనేవాళ్ల వాదన, భయం ఉంటేనే పిల్లలు చూస్తారని. అస్సాంలో 2017లోనే ఇట్లాంటి చట్టం వచ్చింది కూడా. కాదనను. కాకపోతే ఇదీ 2007 నాటి లెక్కే, ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి డబ్బు మార్చడమే. సర్కారు కొలువు లేని కొడుకులకు, అంటే గల్ఫ్‌లో కూలికి పోయినవాళ్లకు, సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసేవాళ్లకు అది ఎట్లాగూ తగలదు.

మా పెద్దాయనకు మాత్రం డబ్బు పడ్డట్టు నెలనెలా మెసేజ్ వస్తూనే ఉంది. అది చదివించుకునే సాకుతో ఆ రోజు షాపుకు మూడోసారి పోతాడు.