రాత్రి తొమ్మిది గంటల లాగ్ గురించి పిల్లలకు ఉత్తరం

రాజమహేంద్రవరం,
ఆదివారం ఉదయం

పిల్లలిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

దసరాకు మీ ఇంట్లో పది రోజులు ఉండి వచ్చినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలని రోజూ అనుకుంటున్నాను. సద్దుల బతుకమ్మ రాత్రి జరిగింది నాకు ఇంకా కళ్ల ముందే ఉంది. పెద్దవాడా, నువ్వు కన్సోల్ మీద ఫుట్‌బాల్ ఆట ఆడుతున్నావు. నీ గోల్‌కీపర్ దూకడం మొదలుపెట్టేసరికే బంతి వలలో ఉంది. నువ్వు కంట్రోలర్‌ను మంచం మీద పడేసి, "నీ ఫోను వల్లే లాగ్ వస్తోంది" అని చెల్లి మీద అరిచావు. నొక్కిన బటన్‌కు ఆట ఆలస్యంగా కదలడాన్నే మీరు లాగ్ అంటారు. చెల్లి మాట్లాడకుండా ఫోను కట్టేసి, వంటింట్లోకి వెళ్లి అమ్మ కొంగు పట్టుకుని నిలబడింది. నాలుగు నిమిషాలు గడిచాయో లేదో, ఆట మళ్లీ అలాగే ఆగింది. ఆ ఫోను కట్టేసి ఉన్నా లాగ్ వచ్చిందంటే కారణం వేరే ఉన్నట్టే కదా. ఆ మాట చెల్లికి ఎవరూ చెప్పలేదు. అందుకని ముందు అదే రాస్తున్నాను. తల్లీ, ఆ రాత్రి తప్పు నీది కాదు. కారణం ఎక్కడుందో నేను మర్నాడు రాత్రి కూర్చుని కొలిచాను.

మీ నాన్న అప్పటికప్పుడే "40 ప్లాన్ తీసేసి 100 పెట్టిద్దాం" అన్నాడు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో వివరంగా చెప్పాలి.

ప్లాన్‌లో ఉండే ఆ 40, 100 అనే అంకెలు ఎంబీపీఎస్‌లలో, అంటే సెకనుకు పది లక్షల బిట్ల లెక్కలో, ఎంత సమాచారం పోగలదో చెబుతాయి. ఆటకు అంత సమాచారం అవసరం లేదు. నువ్వు ఎక్కడ ఉన్నావు, ఎటు పరుగెడుతున్నావు, ఏ బటన్ నొక్కావు అన్న చిన్న చిన్న కబుర్లు సెకనుకు కొన్ని పదుల సార్లు ఆటను నడిపే దూరపు కంప్యూటర్‌కు, అంటే సర్వర్‌కు వెళ్తాయి, అవతలివాళ్ల కబుర్లు అలాగే తిరిగి వస్తాయి. అన్నీ కలిపినా సాధారణంగా ఒక ఎంబీపీఎస్ కూడా దాటవు. మీరు చూసే సినిమాకు దీనికి ఎన్నో రెట్లు కావాలి. అయినా సినిమా ఆగదు, ఆట ఆగుతుంది. సినిమాలో తర్వాతి నిమిషం ఎప్పుడో తీసి పెట్టినదే కాబట్టి టీవీ దాన్ని ముందుగా తెచ్చి దాచుకుంటుంది. ఆటలో నీ తర్వాతి కదలిక ఇంకా పుట్టనే లేదు, దాచుకోవడానికి ఏముంది? పుట్టిన క్షణాన బయలుదేరాలి, దారిలో ఎక్కడా నిలబడకుండా చేరాలి.

కబురు వెళ్లి తిరిగి రావడానికి పట్టే కాలాన్నే మీరు పింగ్ అంటారు. 1983 డిసెంబరులో మైక్ మూస్ అనే అమెరికన్ ఒక చిన్న ప్రోగ్రాం రాసి దానికి ఆ పేరు పెట్టాడు. జలాంతర్గాములను కనిపెట్టే సోనార్ నీళ్లలోకి శబ్దాన్ని పంపి ప్రతిధ్వని కోసం చెవి ఒగ్గుతుంది, ఆ శబ్దం పేరే ఇది. పింగ్‌ను మిల్లీ సెకన్లలో, అంటే సెకనులో వెయ్యో వంతులలో లెక్కపెడతారు. ఎప్పుడు చూసినా 50 ఉంటే మీ చేతులు దానికి అలవాటు పడతాయి, ఆట బాగానే సాగుతుంది. ఒకసారి 15, మరోసారి 180 అయితేనే చిక్కు. ఆటగాడు ముందుకు పరుగెత్తి ఎవరో లాగినట్టు వెనక్కి వస్తాడే, అది ఈ ఎగుడుదిగుళ్ల వల్లే. పింగ్ ఎంత ఉందన్న దానికంటే నిలకడగా ఉందా లేదా అన్నది ముందు చూడండి.

ఇక నేను చేసిన పని. మీ నాన్న పాత ల్యాప్‌టాప్ తీసుకుని, నీ కన్సోల్ పక్కనే మంచం మీద కూర్చుని, వైఫై మీదే పింగ్ ప్రోగ్రాం రెండుసార్లు నడిపాను. మొదట మన రూటర్‌కే కబురు పంపాను, తర్వాత బయటి సర్వర్‌కు. మొదటిది ఇంటి లోపలి దారిని చూపిస్తుంది, రెండోది లోపలా బయటా కలిపి చూపిస్తుంది. మధ్యాహ్నం మూడింటికి రూటర్ నుంచి జవాబు 3, 4 మిల్లీ సెకన్లలో వచ్చింది. రాత్రి తొమ్మిదికి అదే రూటర్, అదే మంచం: 4, 6, 88, 5, 112, 31. కబురు ఇంకా మన గడపే దాటలేదు, అప్పటికే వందకు పైగా పోయింది. తర్వాత ల్యాప్‌టాప్‌ను హాల్లోకి తీసుకెళ్లి రూటర్‌కు తీగతో కలిపాను. రూటర్ జవాబు ఒక మిల్లీ సెకనుకు దిగింది, కదలలేదు. బయటి సర్వర్ జవాబు మాత్రం 14 దగ్గర ఉన్నది ఉన్నట్టుండి 200 దాటి, పది నిమిషాలు అలాగే ఉండి, దిగింది. అంటే కారణాలు రెండు. ఒకటి గాలిలో ఉంది, ఇంకొకటి రూటర్ లోపల.

గాలి సంగతి ముందు చెబుతాను. వైఫై అంటే రేడియో. ఒక ఛానెల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి. రచ్చబండ దగ్గర ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవాళ్లు ఆగినట్టే ప్రతి పరికరమూ ముందు వింటుంది, ఎవరూ మాట్లాడటం లేదనుకుంటే క్షణకాలం ఆగి మొదలుపెడుతుంది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెడితే రెండు మాటలూ చెడిపోతాయి, మళ్లీ చెప్పాలి. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపినప్పుడు కూడా ఢీకొన్న మాటను కాసేపు ఆగి మళ్లీ పంపడమే ఉపాయం. మీ వైఫైకి ఆ నెట్‌వర్కు పెద్దతాత వంటిది.

మీ అపార్టుమెంటులో ఆ రచ్చబండ మీ ఒక్కరిది కాదు. పడకగదిలో ఫోను చేత్తో పట్టుకుని చూస్తే ఇరవై మూడు వైఫై పేర్లు కనిపించాయి, వాటిలో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ అనే రేడియో బ్యాండ్‌లోనే. ఈ బ్యాండ్‌లో ఒకదానితో ఒకటి కలవకుండా వాడుకోగలిగిన ఛానెళ్లు మూడే: 1, 6, 11. ఇరవై ఇళ్లు మూడు గదుల్లో కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు లెక్క. దానికి తోడు మీ అమ్మ తొమ్మిదింటికి నాన్న కోసం అన్నం వేడి చేసే మైక్రోవేవ్ కూడా దాదాపు ఇదే చోట, 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. ఇంకో విషయం చాలామందికి తట్టదు. రూటర్‌కు దూరంగా ఉన్న పాత ఫోను నెమ్మదిగా మాట్లాడుతుంది. అది చెప్పే మాట చిన్నదే అయినా, చెప్పి ముగించేదాకా మిగిలినవాళ్లంతా ఆగాలి.

5 గిగాహెర్ట్జ్‌లో ఛానెళ్లు ఎక్కువ, రద్దీ తక్కువ. గోడలను దాటే శక్తి మాత్రం దానికి తక్కువ. మీ రూటర్ ఎక్కడుందో గుర్తు చేసుకోండి. తీగ తెచ్చినవాళ్లు సింహద్వారం పక్కన, చెప్పుల స్టాండు పైన, కరెంటు మీటలున్న ఇనుప పెట్టెకు ఆనించి బిగించి పోయారు. అక్కడి నుంచి నీ గదికి రావాలంటే రెండు గోడలు, ఫ్రిజ్, బీరువా అద్దం దాటాలి. ఇనుమూ అద్దం వెనక ఉండే లోహపు పూతా రేడియో తరంగాన్ని వెనక్కి కొడతాయి, నీళ్లు పీల్చుకుంటాయి. అందుకే చేపల తొట్టి వెనక కూడా రూటర్ పెట్టకూడదు. దాన్ని మూడు మీటర్లు జరిపి, హాల్లో పుస్తకాల అర పైకి ఎక్కించాం. అంత మాత్రానికే నీ గదిలో 5 గిగాహెర్ట్జ్ గట్టిగా పట్టుకుంది. ప్లేస్టేషన్ 5 నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఏ బ్యాండ్ వాడాలో నువ్వే ఎంచుకోవచ్చు. మీ స్నేహితుడి ఇంట్లో ఉన్న 2013 నాటి మొదటి ప్లేస్టేషన్ 4కు 2.4 తప్ప మరొకటి రాదు. అతనికి తీగే దిక్కు.

ఇప్పుడు రెండో కారణం. ఇది నాకు మనసుకు దగ్గరి విషయం, ఎందుకంటే నా ఉద్యోగమంతా దీని మధ్యే గడిచింది. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చేరిన కొత్తలో వేరే ఊరికి మాట్లాడాలంటే ట్రంకు కాల్ బుక్ చేసి గంటలు కాచుకునేవారు. అంతమందికి ఎన్ని లైన్లు వేస్తే సరిపోతుందో శిక్షణలో లెక్క నేర్పారు. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎ.కె. ఎర్లాంగ్ 1909లో ఆ లెక్కకు పునాది వేశాడు. టెలిఫోన్ రద్దీని కొలిచే ప్రమాణానికి ఆయన పేరే పెట్టారు. ఆ పునాది మీద లేచిన ఒక చిన్న సూత్రం చెబుతాను. కాల్స్ ఎప్పుడు వస్తాయో, ఒక్కోటి ఎంత సేపు సాగుతుందో దేనికీ ఒక వరుసా వాడీ లేనప్పుడు, లైను సగం నిండితే సగటున ఒక కాల్ అంత సేపు ఆగాలి. 80 శాతం నిండితే నాలుగు కాల్స్ అంత సేపు, 90 శాతానికి తొమ్మిది, 95కు పంతొమ్మిది. చివరి కొన్ని శాతాల దగ్గరే నిరీక్షణ కొండలా పెరుగుతుంది. మొదటిసారి బోర్డు మీద ఆ గీత చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

ఆ రాత్రి మీ లైను అలా నిండింది. అమ్మ బతుకమ్మ దగ్గర నుంచి రాగానే ఫోను ఛార్జింగుకు పెట్టింది. ఛార్జింగు, వైఫై రెండూ దొరికేసరికి ఆ ఫోను రోజంతా తీసిన ఫొటోలు, వీడియోలు అన్నీ క్లౌడ్‌కు పంపడం మొదలుపెట్టింది. ఫోను నుంచి రూటర్‌కు వచ్చినంత వేగంగా రూటర్ నుంచి బయటికి పోవు, కాబట్టి మిగిలినవి రూటర్‌లో వరుసగా నిలబడతాయి. లెక్క వేయండి. రూటర్‌లో ఒక్క మెగాబైటు నిలిస్తే అది 80 లక్షల బిట్లు. మన లైను సెకనుకు 4 కోట్ల బిట్లు పంపుతుంది. ఆ వరుస తరగడానికి సెకనులో అయిదో వంతు, అంటే 200 మిల్లీ సెకన్లు. నువ్వు నొక్కిన బటన్ కబురు చిటికెడంత ఉంటుంది, కానీ అది వెళ్లి పూల పళ్లేల ఫొటోల వెనక నిలబడింది. గోల్‌కీపర్ ఆలస్యంగా దూకింది అందుకే.

రూటర్లలో ఇలా అవసరానికి మించి సరుకు పోగుపడటానికి జిమ్ గెటిస్ అనే ఇంజినీరు 2010 ప్రాంతంలో బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టి లోకానికి చాటాడు. దీనికి మందు కూడా ఉంది. మా రోజుల్లో ట్రంకు కాల్స్‌లో మామూలు, అర్జెంటు, లైట్నింగ్ అని తరగతులుండేవి. లైట్నింగ్ కాల్ వస్తే వరుసను దాటించి ముందు కలిపేవాళ్లం. రూటర్ సెట్టింగ్స్‌లో క్యూఓఎస్ అనేది చేసేది అదే. కొన్ని కొత్త రకం రూటర్లలో ఎస్‌క్యూఎం అనే మెరుగైన పద్ధతి ఉంటుంది. అది ఎవరి వరుస వారికి పెట్టి, ఏ వరుసా పొడుగు పెరగకుండా చూస్తుంది. అందులో లైను వేగాన్ని అసలు దానికంటే పది పదిహేను శాతం తక్కువగా రాయాలి. 40కి 35 రాయండి. కొంచెం వేగం పోయినట్టే ఉంటుంది కానీ వరుస పెరగడం ఆగుతుంది. ఎర్లాంగ్ లెక్క గుర్తుంటే ఎందుకో మీకే తెలుస్తుంది. మీ రూటర్‌లో ఇవేవీ లేవు, అందుకని ఫొటోలు పంపే పనిని మీరు పడుకున్నాక జరిగేలా అమ్మ ఫోనులో మార్చాం.

ఇంత చేసినా గాలి గాలే. పోటీ ఆట ఆడాలనుకుంటే కన్సోల్‌కు తీగ పెట్టడమే సరైన పని. దుకాణంలో క్యాట్ 6 ల్యాన్ కేబుల్ అని అడగండి. వంద మీటర్ల దాకా అది తడబడకుండా పనిచేస్తుంది, మీ ఇంట్లో పదిహేను చాలు. రూటర్‌కూ గదికీ మధ్య వైఫైని అందుకుని ముందుకు పంపే రిపీటర్ కొనమని ఎవరైనా చెబితే తొందరపడకండి. అది విన్న ప్రతి మాటనూ అదే గాలిలో మళ్లీ చెప్పాలి, దాంతో రద్దీ పెరుగుతుంది. టీవీలో గేమ్ మోడ్ వేసుకోండి. టీవీ బొమ్మకు మెరుగులు దిద్దుతూ చేసే ఆలస్యాన్ని కూడా మీరు నెట్ ఖాతాలోనే రాస్తున్నారు.

ఒక ఆలస్యం మాత్రం ఎవరూ తీయలేనిది. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి ముంబయికి తిన్నగా 600 కిలోమీటర్ల పైచిలుకు, వెళ్లి రావడానికి 6 మిల్లీ సెకన్లు చాలు. సింగపూర్ సర్వర్ అయితే 33 తగ్గదు. డల్లాస్‌లో ఉన్న మీ పెదనాన్న కొడుకు సుమారు 14,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. వెలుగు తిన్నగా పరుగెత్తినా 140 మిల్లీ సెకన్లు, సముద్రం కింద తీగలు వంకర దారుల్లో పోతాయి కాబట్టి నిజానికి అంతకంటే ఎక్కువే. అన్నయ్యతో ఆడేటప్పుడు వచ్చే లాగ్‌కు రూటర్‌ను తిట్టకండి. అతనితో ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేసే ఆటలు ఆడుకోండి. మిగిలిన రోజుల్లో ఆట సెట్టింగ్స్‌లో దగ్గరి సర్వర్ ఉందో లేదో చూసి ఎంచుకోండి.

వచ్చే శనివారం రాత్రి తొమ్మిదికి ఇద్దరూ కలిసి మళ్లీ కొలవండి. చెల్లి అంకెలు చదవాలి, పెద్దవాడా, నువ్వు రాయాలి. ముందు రూటర్‌కు ఇరవై, తర్వాత బయటి సర్వర్‌కు ఇరవై. కేబుల్ కొనే ముందు గోడ అంచు వెంట దారం పరిచి పొడవు చూడండి. తలుపు చట్రం చుట్టూ తిప్పే చోట ఇంకో మీటరు కలపండి, బిగుతుగా లాగితే లోపలి తీగ తెగుతుంది. కాగితం మీద రాసిన అంకెలు ఫొటో తీసి నాకు పంపండి, చూసి ఫోను చేస్తాను.

మీ తాతయ్య