లింక్స్ తోలుకి ధర ఎవరు పెట్టారు? కెనడా ట్రాప్‌లైన్ల వెనక కథ

కెనడా ఉత్తరాన, అలాస్కాలో లింక్స్ అనే అడవి పిల్లిని ట్రాప్‌లైన్ల మీద, అంటే వరుసగా ఉచ్చులు పెట్టుకుంటూ తిరిగే దారుల మీద, పట్టి తోలు అమ్ముకోవడం ఇప్పటికీ చట్టబద్ధమే. అదే పిల్లి కిందకి దిగి అమెరికా మెయిన్‌ల్యాండ్ రాష్ట్రాల్లోకి వస్తే 2000 మార్చి నుంచి రక్షిత జీవి, పడితే కేసు. ఈ సంగతి వినగానే జనం రెండు పార్టీలైపోతారు, ఇంత క్రూరత్వం ఏంటి ఆపండి అని ఒకళ్ళు, అది మా తాతల నాటి బతుకుతెరువు మీకేం తెలుసు అని ఇంకొకళ్ళు. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది గానీ ఇద్దరూ పెద్దగా మాట్లాడనిది ధర గురించి. ఎప్పుడు ఎన్ని లింక్స్ చచ్చాయి అన్నది ఆ అడవిలో ఉచ్చు పెట్టినవాడి కంటే వేల మైళ్ళ అవతల కోటు కొన్నవాళ్ళే ఎక్కువ నిర్ణయించారు, పాత లెక్కలు చూస్తే నాకు అర్థమైంది ఇదే.

ముందు జంతువు సంగతి. లింక్స్ పది కిలోల అటూ ఇటూ ఉంటుంది, పొడుగు కాళ్ళు, చెవుల చివర నల్లటి కుచ్చులు, మంచులో దిగబడకుండా తేలిపోయేంత వెడల్పు పాదాలు. దాని తిండి దాదాపు ఒకటే, స్నోషూ కుందేలు. చలికాలంలో అయితే ఎక్కువ భాగం అదే. ఈ కుందేళ్ళు సుమారు పదేళ్ళకోసారి విపరీతంగా పెరిగి ఒక్కసారిగా కూలిపోతాయి, కూలిపోయిన ఏడాది రెండేళ్ళకి లింక్స్ కూడా కూలిపోతాయి. కొన్ని ఆకలికి చస్తాయి, కొన్ని ఉన్న చోటు వదిలి వెయ్యి కిలోమీటర్లకి పైగా కూడా నడిచి ఎటో పోతాయి, పిల్లలు పుట్టినా బతకవు. అంటే ఎవరూ వేటాడకపోయినా సంఖ్య పడిపోయి మళ్ళీ లేస్తుంది. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే మిగతా కథంతా అర్థమవుతుంది.

ఇది ఎలా తెలిసిందంటే వ్యాపారం లెక్కల వల్లే. 1670లో ఇంగ్లండ్ రాజు రెండో చార్ల్స్ ఒక చార్టర్ రాసి హడ్సన్స్ బే కంపెనీకి ఆ బే (సముద్రపు అఖాతం) చుట్టూ ఉన్న నదుల పరీవాహక ప్రాంతమంతా ఇచ్చేశాడు, అక్కడ క్రీ, డెనె లాంటి జాతుల వాళ్ళు వేల ఏళ్ళుగా ఉంటున్నారన్నది ఆయనకి పట్టలేదు. మన ఈస్టిండియా కంపెనీకి దాదాపు తోబుట్టువే అనుకోండి. మొదట్లో వాళ్ళకి కావాల్సింది బీవర్ అనే నీటి జంతువు తోలు, యూరప్‌లో టోపీలకి. లింక్స్ పక్క సరుకు. కానీ కంపెనీ గుమాస్తాలు ఏ పోస్టులో, అంటే ఏ కంపెనీ దుకాణంలో, ఏ తోలు ఎన్ని వచ్చాయో ఏటేటా రాసి లండన్ పంపేవాళ్ళు, ఆ చిట్టాలు పోకుండా ఉండిపోయాయి. 1920లలో ఆక్స్‌ఫర్డ్ బయాలజిస్ట్ చార్ల్స్ ఎల్టన్ కంపెనీకి సలహాదారుగా చేరి వాటిని తిరగేశాడు, 1942లో మేరీ నికల్సన్‌తో కలిసి లింక్స్ పదేళ్ళ చక్రం మీద పేపర్ వేశాడు. మెకంజీ నది జిల్లా లెక్క ఒక్కటి చూడండి: 1821లో 269 తోళ్ళు, 1828లో 5943, మళ్ళీ 1832లో 98. ఈ సిరీస్ 1934 దాకా ఉంది, గణాంకాలకి వాడే ఆర్ సాఫ్ట్‌వేర్‌లో రెడీగా వస్తుంది కూడా. హైదరాబాద్‌లో టైమ్ సిరీస్ క్లాసులకి వెళ్ళిన పిల్లలు ఆ గ్రాఫ్ గీసే ఉంటారు, ఒక్కో నంబర్ వెనక మంచులో ఒక ఉచ్చు, ఒక చచ్చిన పిల్లి, ఒక అప్పు ఖాతా ఉన్నాయని మాత్రం ఎవరూ చెప్పి ఉండరు.

అప్పు అన్నాను కదా, అది ముఖ్యం. శీతాకాలం మొదలయ్యే ముందు ట్రాపర్ (ఉచ్చులేసేవాడి) కుటుంబం పోస్టుకొచ్చి పిండి, టీ, తూటాలు, ఉచ్చులు, దుప్పట్లు అప్పు మీద తీసుకెళ్ళేది, వసంతంలో తోళ్ళు తెచ్చి జమ చేసేది. అచ్చం మన దగ్గర ఎరువుల షాపాయన దగ్గర విత్తనం, మందు అప్పు తెచ్చి పత్తి మళ్ళీ ఆయనకే వేసే రైతు లాంటి పరిస్థితి. సరుకు ధరా, తోలు ధరా రెండూ ఒకే కౌంటర్ మీద తేలేవి. 1821లో పోటీగా ఉన్న నార్త్ వెస్ట్ కంపెనీ కూడా హడ్సన్స్ బేలో కలిసిపోయాక చాలా చోట్ల బేరం ఆడటానికి రెండో దుకాణమే లేకుండా పోయింది. అయినా అప్పట్లో ఒక రక్షణ ఉండేది, అడవి చాలా పెద్దది, మనుషులు తక్కువ, కుక్కల బండి మీద వెళ్ళగలిగిన దూరం కొంతే. కుందేళ్ళు లేని ఏడు లింక్స్ కోసం తిరిగినా ఒరిగేది లేదని వాళ్ళకి ఎల్టన్ కంటే ముందే తెలుసు, అప్పుడు వేరే తోలు, వేరే తిండి చూసుకునేవాళ్ళు. లింక్స్ మాంసం కూడా తింటారు అక్కడ, తెల్లగా ఉంటుంది, తోలు తీసి మిగతాది పారేసే రకం కాదు.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇది చెడింది. 1920లలో ఫర్ (బొచ్చు తోలు) ధరలు బాగా పెరిగాయి, బయటి నుంచి తెల్ల ట్రాపర్లు గుంపులుగా వచ్చారు, కొందరు విమానాల్లో కూడా దిగి ఒక లోయని ఊడ్చేసి ఇంకో లోయకి పోయేవాళ్ళు. తరతరాలుగా ఫలానా వాగు ఫలానా కుటుంబానిది అని నోటిమాట మీద నడిచిన ఏర్పాటు ఎవడూ పట్టించుకోలేదు. దాంతో ప్రభుత్వాలు రిజిస్టర్డ్ ట్రాప్‌లైన్ పద్ధతి తెచ్చాయి, కెనడా పడమటి రాష్ట్రం బ్రిటిష్ కొలంబియా 1926లో, దాని పైనున్న యూకాన్ 1950లో. ఒక ప్రాంతం ఒకరి పేరు మీద, అందులో వేరేవాళ్ళు ఉచ్చు పెట్టకూడదు. ఆలోచన మంచిదే, తన లైన్ అయితే రేపటికి కొంచెం మిగుల్చుకుంటాడు కదా అని. కానీ కాగితం మీద రాసేటప్పుడు చాలా చోట్ల ఆదివాసీ కుటుంబాల భూమి కొత్తగా వచ్చినవాడి పేరు మీదకి పోయింది, ఇంగ్లీషు ఫారాలు నింపి ఫీజు కట్టినవాడిదే లైన్. దీన్ని సరిచేయడానికి చాలా కాలం పట్టింది, యూకాన్‌లో 1993 నాటి భూహక్కుల ఒప్పందం అంబ్రెల్లా ఫైనల్ అగ్రిమెంట్‌లో ట్రాప్‌లైన్లలో సుమారు 70 శాతం ఫస్ట్ నేషన్స్ (అక్కడి ఆదివాసీ) వాళ్ళ చేతిలో ఉండాలని రాసుకున్నారు. అలాస్కాలో మాత్రం ఇప్పటికీ రిజిస్ట్రేషన్ లేదు, పాత నోటిమాటే, ఒకడి లైన్‌లో ఇంకొకడు పెట్టకపోవడం మర్యాద మాత్రమే.

పట్టే పద్ధతి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే తర్వాత గొడవంతా దాని మీదే. లింక్స్‌ని పట్టడం తేలిక అని ట్రాపర్లే అంటారు. తోడేలు లాగా అనుమానం ఉండదు, పైగా కుక్కజాతి లాగా వాసన మీద కాకుండా కంటి మీద ఎక్కువ ఆధారపడుతుంది. అందుకే చెట్టు మొదట్లో పుల్లలతో చిన్న గూడులాగా కట్టి, లోపల బీవర్ గ్రంథి వాసనో క్యాట్‌నిప్ నూనెనో పూసి, పైన దారానికి ఒక ఈకో తళతళలాడే రేకుముక్కో వేలాడదీస్తారు. గాలికి అది ఊగితే చాలు, పిల్లి చూడటానికి వస్తుంది. దారిలో తీగ ఉరి అన్నా ఉంటుంది, కాలు పట్టే ఇనుప ఉచ్చు అన్నా ఉంటుంది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య బొచ్చు బాగా దట్టంగా ఉంటుంది, పొట్ట కింద తెల్లటి భాగానికి ఎక్కువ డబ్బు. 1960ల నుంచి కుక్కల బండి పోయి స్కిడూ, అంటే మంచు మీద నడిచే మోటారు బండి, వచ్చింది, వారం పట్టే లైన్ రెండ్రోజుల్లో తిరగొచ్చు. దూరం ఇచ్చిన పాత రక్షణ అక్కడితో సగం పోయినట్టే.

సరిగ్గా ఆ టైమ్‌లోనే ఫ్యాషన్ మారింది. 1960ల మొదట్లో అమెరికా అధ్యక్షుడి భార్య జాకీ కెనెడీ చిరుత తోలు కోటులో కనిపించాక మచ్చల పిల్లుల కోట్లకి పిచ్చి గిరాకీ, చిరుత, చీతా, ఓసెలాట్ లక్షల్లో పోయాయి. దాంతో చట్టాలు వచ్చాయి, అమెరికాలో 1969లో ఒకటి 1973లో ఇంకోటి, మన దగ్గర 1972లో వన్యప్రాణి చట్టం, 1975లో అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ ఒప్పందం అమల్లోకి వచ్చింది. చాలా మంచిది, ఎవరూ కాదనరు. కానీ కోటు కావాలనుకున్నవాళ్ళు కోటు మానలేదు, ఏ పిల్లి దొరుకుతుందో చూశారు. చట్టబద్ధంగా దొరికేవి ఉత్తర అమెరికా లింక్స్, దాని దగ్గర చుట్టం బాబ్‌క్యాట్. 1977లో ఇంట్లో పెంచుకునేది తప్ప పిల్లి జాతి అంతా సైటిస్ లిస్టుల్లోకి వచ్చింది, లింక్స్ రెండో అనుబంధంలో, అంటే పర్మిట్ ఉంటే అమ్ముకోవచ్చు. పదుల డాలర్లలో ఉన్న లింక్స్ తోలు 1980ల మధ్యకి ఐదు వందల డాలర్ల చుట్టూ చేరింది.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. కుందేళ్ళు 1980-81 ప్రాంతంలో పైకెళ్ళి తర్వాత కూలిపోయాయి. అంటే లింక్స్ అడుగంటిన రోజుల్లోనే ధర ఆకాశంలో ఉంది. పాత రోజుల్లో లింక్స్ తగ్గితే ట్రాపర్ వేరే పని చూసుకునేవాడు, ఇప్పుడు సీజన్ మొత్తానికి మూడు దొరికినా స్కిడూ పెట్రోల్ ఖర్చులు పోను మిగిలేది. వేట ఆగాల్సిన చోట ఆగలేదు. కెనడాలోని ఆల్బర్టాలో లాయిడ్ కీత్, క్రిస్టఫర్ బ్రాండ్ అనే ఇద్దరు పరిశోధకులు 1979లోనే, చక్రం కింద ఉన్న మూడు నాలుగేళ్ళు లింక్స్ వేట ఆపేయాలని రాశారు, ఎందుకంటే ఆ టైమ్‌లో మిగిలిన కొన్ని పెద్ద పిల్లులే తర్వాతి పెరుగుదలకి విత్తనం. అలాస్కా తర్వాత దాదాపు ఆ దారిలోనే పోయింది, కుందేళ్ళు లింక్స్ పెరిగితే సీజన్ పొడిగించడం, తగ్గితే కుదించడం లేదా మూసేయడం. నాకైతే ఈ మొత్తం వివాదంలో అన్నిటికంటే బుర్రపెట్టి చేసిన పని ఇదే అనిపిస్తుంది, దీని గురించి మాట్లాడేవాళ్ళు మాత్రం చాలా తక్కువ.

అదే దశాబ్దంలో అటు యూరప్‌లో ఫర్ వ్యతిరేక ఉద్యమం లేచింది. 1983లో సీల్ పిల్లల తోళ్ళని యూరప్ ఆపేసింది, తెల్ల సీల్ పిల్లల జోలికి పోని ఇన్యూట్ (ఆర్కిటిక్ ఆదివాసీ) వేటగాళ్ళ ఆదాయం కూడా దాంతోపాటే కుప్పకూలింది, మార్కెట్‌కి తేడా తెలియదు కదా. తర్వాతి టార్గెట్ ఉచ్చులు. లండన్‌లో లింక్స్ పేరుతోనే ఒక సంస్థ పుట్టి పెద్ద పెద్ద హోర్డింగులు పెట్టింది. ఈ ఉద్యమానికి జవాబుగా 1984లో ఇండిజినస్ సర్వైవల్ ఇంటర్నేషనల్ అని ఆదివాసీ సంఘాలు కలిసి వెళ్ళి, మాది ఫ్యాషన్ కాదు భూమితో ఉన్న సంబంధం అని చెప్పుకున్నాయి, కొందరు పర్యావరణవాదులు వెనక్కి తగ్గారు కూడా. అయినా యూరప్ 1991లో చట్టం చేసింది, కాలు పట్టే ఉచ్చు 1995 నుంచి తమ దగ్గర నిషేధం, అలాంటి ఉచ్చులు వాడే దేశాల నుంచి లింక్స్‌తో కలిపి 13 జాతుల తోళ్ళు రానివ్వం అని. కెనడా, అమెరికా గోల చేశాయి, చివరికి యూరప్, కెనడా, రష్యా మధ్య ఉచ్చుల ప్రమాణాల ఒప్పందం కుదిరింది. చంపే ఉచ్చు అయితే లింక్స్‌కి 300 సెకన్ల లోపు స్పృహ పోవాలి, పట్టి ఉంచే ఉచ్చు అయితే టెస్ట్ చేసిన వాటిలో 80 శాతానికి తీవ్ర గాయాలు ఉండకూడదు. 300 సెకన్లంటే అయిదు నిమిషాలు, దీన్ని మానవీయం అనడం నాకు గొంతు దిగదు. కానీ అంతకు ముందు అసలు ఏ కొలతా లేదు, పళ్ళున్న పాత ఇనుప ఉచ్చులు పోయింది ఇలాంటి ఒత్తిడి వల్లే, అదీ నిజమే.

ఇంకో విచిత్రం ఏంటంటే, లింక్స్‌ని తిరిగి తేవాలనుకున్నవాళ్ళకి కూడా ట్రాపర్లే దిక్కయ్యారు. న్యూయార్క్ రాష్ట్రంలో అడిరాండాక్ కొండల్లో 1989 నుంచి 1991 దాకా యూకాన్ నుంచి తెచ్చిన 83 లింక్స్‌ని వదిలారు, అవి చెల్లాచెదురైపోయాయి, కొన్ని కార్ల కింద పడ్డాయి, ఏదీ నిలవలేదు. కొలరాడో 1999లో మొదలుపెట్టింది, మొదట వదిలిన వాటిలో కొన్ని ఆకలికి చచ్చిపోతే పెద్ద రచ్చ అయింది, తర్వాత కొన్నాళ్ళు మేపి బలం వచ్చాక వదలడం మొదలెట్టారు. 2006 దాకా మొత్తం 218, కెనడా నుంచీ అలాస్కా నుంచీ తెచ్చినవే, అక్కడి ట్రాపర్లు ప్రాణాలతో పట్టి ఇచ్చినవే. అది నిలబడింది, 2003లో పిల్లలు కూడా కనిపించాయి.

ఆ తర్వాత ధర తనంతట తానే దిగిపోయింది. 2010 తర్వాత కొన్నేళ్ళు చైనా, రష్యా కొనుగోళ్ళతో ఒక ఊపు వచ్చింది, 2014లో రూబుల్ పడిపోవడంతో అదీ పోయింది. గూచీ 2017లో ఫర్ మానేస్తున్నామంది, కాలిఫోర్నియాలో 2023 నుంచి కొత్త ఫర్ అమ్మకమే నిషేధం, చలికోట్ల కంపెనీ కెనడా గూస్ కూడా వదిలేసింది. టొరంటోలోని పెద్ద వేలం సంస్థ నార్త్ అమెరికన్ ఫర్ ఆక్షన్స్ 2019లో అప్పులోళ్ళ నుంచి రక్షణ కోరుతూ కోర్టుకెళ్ళింది. హడ్సన్స్ బే కంపెనీ ఎప్పుడో 1987లోనే ఫర్ వేలం వ్యాపారం, ఉత్తరాది దుకాణాలు అమ్మేసి డిపార్ట్‌మెంట్ స్టోర్‌గా మిగిలింది, 2025 జూన్ 1 నాటికి ఆ స్టోర్లు కూడా మొత్తం మూతపడ్డాయి. ఇప్పుడు కెనడాలో మిగిలిన పెద్ద వేలం ఒంటారియోలోని నార్త్ బేలో ఉంది, ఆదివాసీ ట్రాపర్లూ మిగతా ట్రాపర్లూ కలిసి నడుపుకునేది.

కాబట్టి ఈరోజు ట్రాప్‌లైన్ మీద ఉన్నవాళ్ళలో చాలామందికి లింక్స్ తోలు మీద వచ్చేది పెట్రోల్ ఖర్చుకి సరిపోతే గొప్ప, భూమి మీద హక్కు వదులుకోకూడదని వెళ్ళేవాళ్ళే ఎక్కువ, ఎందుకంటే వాడని లైన్ చేజారిపోతుందన్న భయం ఉంటుంది, గనుల కంపెనీ వచ్చినప్పుడు మేం ఇక్కడున్నాం అని చూపించడానికి కూడా అదొక ఆధారం. ధర మళ్ళీ లేచే అవకాశం మాత్రం లేకపోలేదు, ఎక్కడో ఒక సీజన్‌లో ఫ్యాషన్ తిరిగితే చాలు. అది కుందేళ్ళు పడిపోయిన ఏడాదితో కలిసొస్తే అలాస్కాలో సీజన్ మూసే నిబంధన ఉంది, కొన్ని చోట్ల మాత్రం ఆపాలా వద్దా అన్నది ఆ లైన్ ఎవరి పేరు మీద ఉందో ఆ కుటుంబమే తేల్చుకోవాలి.