పదహారేళ్ళ పిల్లలు ఊళ్ళో ఎందుకు లేరు? విక్టోరియా కాలం నాటి పల్లె లెక్కలు

1851 మార్చి 30, ఆదివారం, జనాభా లెక్కలు తీసిన రోజు. ఆ రాత్రి ఇంగ్లండ్‌లో ఎవరు ఏ ఇంట్లో పడుకుంటే వాళ్ళ పేరు ఆ ఇంటి కాగితంలోనే రాశారు, సొంతూరు ఏదైనా సరే, అమ్మానాన్నలు ఎక్కడున్నా సరే. ఈ ఒక్క రూల్ గుర్తుపెట్టుకుంటే అప్పటి పల్లెటూరి జిల్లాల్లో వయసుల పట్టిక మధ్యలో ఎందుకలా సన్నబడిపోతుందో తెలిసిపోతుంది.

ముందు లెక్క ఎలా రాసేవారో చెప్తాను. 1841లో పదిహేనేళ్ళు దాటినవాళ్ళ వయసుని ఐదుల్లోకి కుదించేశారు, అంటే 34 ఏళ్ళాయన కాగితం మీద 30 అయిపోయాడు, కాబట్టి ఆ ఏడాది పట్టికని మరీ నమ్మలేం. 1851 నుంచి అసలు వయసు, పుట్టిన ఊరు, ఇంటిపెద్దకి ఏమవుతారు అన్నీ అడిగారు. ఎన్యుమరేటర్ (ఇంటింటికీ తిరిగి లెక్క సేకరించే మనిషి) పుస్తకంలో వయసుకి రెండు కాలమ్స్ ఉండేవి, మగవాళ్ళది ఒకటి, ఆడవాళ్ళది ఒకటి, మనిషి మగో ఆడో తెలిసేది ఆ అంకె ఏ కాలమ్‌లో పడిందన్న దాన్ని బట్టే. తర్వాత లండన్‌లో గుమాస్తాలు పెన్సిల్‌తో టిక్కులు కొట్టుకుంటూ చేత్తో కూడారు, ఆ పెన్సిల్ గీతలు ఇప్పటికీ చాలా పేజీల్లో వయసుల మీద అలాగే ఉన్నాయి.

దేశం మొత్తానికి చూస్తే ఏజ్ పిరమిడ్ (కింద పిల్లలు, పైన ముసలివాళ్ళు వచ్చేలా వయసుల వారీగా జనాన్ని పేర్చిన బొమ్మ) అడుగు చాలా వెడల్పు. వందలో 35 మంది దాకా పదిహేనేళ్ళలోపు పిల్లలే, 65 దాటినవాళ్ళు ఐదుగురు కూడా లేరు. పల్లెల్లో పిల్లలు బతికే అవకాశం కూడా ఎక్కువే, పేదరికం ఎంతున్నా గాలీ నీళ్ళూ పట్నాల కంటే నయం. జనన మరణాల రిజిస్ట్రేషన్ 1837లో మొదలయ్యాక ఆ ఆఫీసులో గణాంకాలు చూసే విలియం ఫార్ అనే ఆయన ఆ లెక్కలన్నీ పెట్టి చూస్తే, పుట్టిన బిడ్డ సగటున బతికే కాలం సర్రే కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) 45 ఏళ్ళు, లండన్‌లో 37, లివర్‌పూల్‌లో 26 తేలింది. ఇరవై ఆరు! తొలి ఏళ్ళలో అంతమంది పసిపిల్లలు పోతే సగటు అక్కడిదాకా పడిపోయింది.

మరి పల్లెల్లో అంతమంది పిల్లలు బతికితే జనాభా పెరగాలి కదా? దక్షిణ ఇంగ్లండ్‌లోని పల్లె కౌంటీ విల్ట్‌షైర్ చూడండి, 1851లో సుమారు 2 లక్షల 54 వేలు, పదేళ్ళ తర్వాత 2 లక్షల 49 వేలు. అదే పదేళ్ళలో ఇంగ్లండ్, వేల్స్ కలిపి కోటీ 79 లక్షల నుంచి రెండు కోట్లు దాటింది. పుట్టినవాళ్ళ కంటే చనిపోయినవాళ్ళు ఎక్కువై కాదు, పెరిగినవాళ్ళు ఊరు వదిలేశారు. అక్కడ పొలం కూలీకి ఆ రోజుల్లో వారానికి ఏడు షిల్లింగులే వచ్చే చోట్లుండేవి, ఉత్తరాన ఫ్యాక్టరీలున్న కౌంటీల్లో అదే కూలీకి దాదాపు రెట్టింపు.

అయితే ముందు వెళ్ళింది ఎవరు? ఆడపిల్లలు. మగపిల్లాడికి తొమ్మిది పదేళ్ళకే చేలో పిట్టలు తోలే పని ఉండేది, తర్వాత గుర్రాల దగ్గర, నాగలి దగ్గర, ఉత్తరపు కౌంటీల్లోనైతే రైతు ఇంట్లోనే తిని పడుకునే పాలేరుగా. ఆడపిల్లకి ఊళ్ళో అలాంటి పని దొరికేది తక్కువ, పైగా ఇంట్లో చోటు లేదు, కింద ఇంకా నలుగురైదుగురు చిన్నపిల్లలు, అందుకే పన్నెండు పదమూడేళ్ళకి చిన్న పెట్టె సర్దుకుని ఎవరింట్లోనో పనిపిల్లగా చేరేది. 1891 నాటికి ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు ఇంగ్లండ్, వేల్స్‌లో 14 లక్షల దగ్గరికొచ్చారు. దేశం మొత్తం మీద ఆడవాళ్ళు ఎక్కువ, 1851లోనే మగవాళ్ళ కంటే 3 లక్షల 65 వేలు ఎక్కువ, పెళ్ళికాని ఆడవాళ్ళని ఏం చెయ్యాలా అని పత్రికల్లో పెద్దమనుషులు వాదించుకునేవారు కూడా (ఆ మాటలు చదివితే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది), కానీ పల్లె జిల్లాల్లో 15 నుంచి 25 ఏళ్ళ వయసు గళ్ళ దగ్గరికొచ్చేసరికి తరచుగా అమ్మాయిల కంటే అబ్బాయిలే ఎక్కువ కనిపిస్తారు. 1885లో రావెన్‌స్టైన్ అనే భూగోళ శాస్త్రవేత్త వలసల మీద రాసినప్పుడు కూడా దేశం లోపల దగ్గర దూరాలకి మగవాళ్ళ కంటే ఆడవాళ్ళే ఎక్కువ కదులుతారని తేల్చాడు.

ఇది పల్లెల స్వభావమేమో అనుకోవద్దు. బెడ్‌ఫర్డ్‌షైర్ కూడా పల్లె ప్రాంతమే, కానీ అక్కడ ఆడపిల్లలు ఊళ్ళోనే ఉండిపోయారు. ఎందుకంటే ఇంట్లో కూర్చుని గోధుమగడ్డిని జడలా అల్లితే లూటన్, డన్‌స్టబుల్ టోపీల వ్యాపారులు కొనేవారు, ఇంకొన్ని ఊళ్ళలో లేసు అల్లేవారు. మన నర్సాపురం లేసులా కొక్కెంతో కాదు, దిండు మీద పిన్నులు గుచ్చి చిన్న చిన్న కండెలతో. నాలుగైదేళ్ళ పిల్లల్ని కూడా ఆ అల్లిక బడుల్లో కూర్చోబెట్టేవారు, అది దారుణమే, కాదనను. కానీ చేతిలో నాలుగు డబ్బులు ఆడేసరికి అమ్మాయి ఊరు వదలాల్సిన అవసరం పడలేదు, పట్టికలో ఆడవాళ్ళ వైపు నిండుగా ఉంది. 1870ల నుంచి చైనా గడ్డిజడ చవగ్గా దిగుమతై ఆ పని చచ్చిపోయింది, అక్కడా అమ్మాయిలు పెట్టె సర్దుకోక తప్పలేదు.

పైన ముసలివాళ్ళ గళ్ళు చిన్నవే, కానీ పిల్లలు వెళ్ళిపోయిన ఊళ్ళలో వాళ్ళ వాటా ఎక్కువ. వర్క్‌హౌస్‌లో (గతిలేని పేదల్ని ఉంచే సర్కారు ఆశ్రమం) చేరింది ఎక్కువగా ముసలి మగవాళ్ళు. ముసలమ్మైతే కూతురింట్లో మనవల్ని ఆడిస్తూ, వంటలో సాయం చేస్తూ ఎలాగో సర్దుకుపోయేది, నడుం వంగిన ముసలి కూలీకి ఆ చోటు కూడా దొరికేది కాదు.

అదే విక్టోరియా రాణి ఏలుబడిలో 1881లో మన దగ్గరా లెక్క తీశారు. 1876-78 నాటి ధాత కరువు వెళ్ళి మూడేళ్ళే అయింది. కర్నూలు జిల్లా 1871లో 9 లక్షల 14 వేలు, 1881కి 6 లక్షల 78 వేలు. విల్ట్‌షైర్ పట్టికలో లేని పదహారేళ్ళ పిల్ల లండన్‌లో డబ్బున్నవాళ్ళ పేట కెన్సింగ్టన్ పట్టికలో దొరుకుతుంది, అక్కడ పనిపిల్లల వల్ల ఆడవాళ్ళ సంఖ్య మగవాళ్ళని బాగా మించిపోయింది. కర్నూలు నుంచి కూడా వలసపోయినవాళ్ళు ఉన్నారు, కానీ కరువేళ్ళలో చనిపోయిన పసిపిల్లలు, అసలు పుట్టకుండా ఆగిపోయిన పిల్లలు ఏ జిల్లా పట్టికలోనూ దొరకరు. 1881లో ఐదేళ్ళలోపు గళ్ళలో ఉన్న ఆ ఖాళీ పదేళ్ళకి పది దాటిన గళ్ళలోకి ఎక్కింది, 1901 వచ్చేసరికి పెళ్ళీడు, పిల్లల్ని కనే ఈడు గళ్ళలోకి చేరింది.