నోట్స్ నుంచి ఓఈఆర్ దాకా: పాఠం మీద హక్కు ఎవరిది?

సెమిస్టర్ మొదలైతే చాలు, హైదరాబాద్ డిగ్రీ, పీజీ అధ్యాపకుల వాట్సాప్ గ్రూపుల్లో డ్రైవ్ లింకులు తిరుగుతాయి. యూనిట్‌వారీ పీపీటీలు, పాత ప్రశ్నపత్రాలు, స్కాన్ చేసిన పుస్తకాల పీడీఎఫ్‌లు. చాలావాటి మీద తయారు చేసినవాళ్ల పేరుండదు. ఏ ఏటి సిలబస్‌కు రాశారో ఉండదు. మార్చుకోవచ్చో లేదో అసలే ఉండదు. అంటే మనవాళ్లు పంచుకోవడం లేదన్న ఫిర్యాదు నిలవదు. పంచుకుంటూనే ఉన్నారు. అందులో తప్పులు దిద్ది, అసలు రాసినవారి పేరు ఉంచి, ధైర్యంగా మళ్లీ నలుగురికీ ఇచ్చే వీలే లేదు. ఆ వీలున్న పాఠాలనే ఇవాళ ఓఈఆర్ అంటున్నారు, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకుని, మార్చుకుని, మళ్లీ పంచుకోగల పాఠ్యసామగ్రి. ఈ చిక్కు ఇంటర్నెట్‌తో వచ్చింది కాదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది. అంతకు ఏడాది ముందే నిజాం ప్రభుత్వం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను పెట్టింది. ఉన్నత విద్య ఉర్దూలో చెప్పాలంటే సైన్సుకూ, చరిత్రకూ, న్యాయశాస్త్రానికీ తగిన పుస్తకాలు లేవు మరి. పండితులను నియమించి వందల పుస్తకాలు అనువాదం చేయించారు, పారిభాషిక పదాలు కట్టించారు. 1948 తర్వాత బోధన ఇంగ్లీషు వైపు మళ్లింది, ఆ పుస్తకాలు గ్రంథాలయాల అల్మారాల్లో ఉండిపోయాయి.

ఇదే పని తెలుగులో చేయడానికి 1968లో తెలుగు అకాడమీ వచ్చింది. పి.వి.నరసింహారావు విద్యామంత్రిగా ఉన్న రోజులవి. కాలేజీ అధ్యాపకులే రచయితలు, పరిశీలకులు, సంపాదకులు. ఇప్పటికీ గ్రూప్స్‌కు చదివే పిల్లలు కోఠి దుకాణాల్లో అకాడమీ పుస్తకం ఉందా అనే అడుగుతారు. రాసినవారి పేరు లోపలి పేజీలో ఉంటుంది, హక్కులు అకాడమీవి.

మూడో ప్రయత్నం దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982లో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీగా పుట్టి, 1991లో డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ పేరు పెట్టుకుంది. మొదటి వైస్‌చాన్సలర్ జి.రాంరెడ్డి. 1985లో జాతీయ స్థాయి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో ఏర్పడినప్పుడు దాని మొదటి వైస్‌చాన్సలర్ కూడా ఆయనే. ఒకరు రాసిన పాఠాన్ని ఇంకొకరు సరిచూసి, మరొకరు భాష దిద్ది, తరగతి గదికి రాలేని విద్యార్థికి తనంతట తాను చదువుకునేలా తయారుచేసే పద్ధతి ఇక్కడ స్థిరపడింది. నా లెక్కన ఇవాళ ఓఈఆర్ అంటున్నదానికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చింది ఈ పద్ధతే. అందరూ కలిసి రాశారు, బాగానే రాశారు. వేరే కాలేజీ మాస్టారు ఆ పాఠాన్ని తీసుకుని తన విద్యార్థులకు అనువుగా మార్చుకోవచ్చన్న ఒక్క వాక్యమే లేకపోయింది.

ఆ వాక్యం ఇరవై ఏళ్లకు బయట నుంచి వచ్చింది. 2001లో అమెరికాలోని ఎంఐటీ తన కోర్సుల సామగ్రిని ఉచితంగా ఆన్‌లైన్‌లో పెడతానని ప్రకటించింది. 2002 జులైలో పారిస్‌లో జరిగిన యునెస్కో సమావేశం ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్ అన్న పేరును ఖాయం చేసింది. అదే ఏడాది డిసెంబరులో క్రియేటివ్ కామన్స్ తొలి లైసెన్సులు వచ్చాయి, అంటే తన రచనను ఇతరులు ఎలా వాడుకోవచ్చో రచయితే ముందుగా చెప్పే అనుమతి పత్రాలు. అసలు మలుపు ఇదే. ఉచితంగా చూడనివ్వడం వేరు, మార్చుకోనివ్వడం వేరు. ఆ లైసెన్సు మీద బీవై అని ఉంటే రాసినవారి పేరు చెప్పి ఏమైనా చేసుకోవచ్చు. ఎస్ఏ కూడా ఉంటే, మార్చిన పాఠాన్ని అదే షరతుతో ఇతరులకు ఇవ్వాలి. ఎన్‌సీ ఉంటే వ్యాపారానికి వాడకూడదు. ఎన్‌డీ ఉంటే మార్చినదాన్ని పంచకూడదు, దాన్ని తెలుగు చేసి పెట్టడం కూడా కుదరదు.

మన దేశంలో ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల కార్యక్రమం మొదలుపెట్టాయి. అది బీవై-ఎస్ఏ లైసెన్సు ఎంచుకుంది. 2009లో కేంద్రం ఐసీటీ (సమాచార, కమ్యూనికేషన్ సాంకేతికత) ద్వారా విద్య అనే జాతీయ మిషన్ చేపట్టింది, 2017లో ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం వచ్చింది. ఇంజినీరింగ్‌కు ఇవన్నీ బాగా పనికొచ్చాయి. బీఏ తెలుగు మీడియంలో అర్థశాస్త్రం చెప్పే మేడమ్‌కు మాత్రం వీటివల్ల ఒరిగింది తక్కువే.

ఆమె ఇబ్బందిలో ఒక భాగం ఫాంట్లది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలు ఒకేలా కనిపించేందుకు పెట్టుకున్న ప్రమాణం యూనికోడ్‌లో తెలుగుకు చోటు 1991లోనే దొరికింది. మన డీటీపీ సెంటర్లు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే పనిచేశాయి. అలా కొట్టిన పాఠాన్ని కాపీ చేసి వర్డ్‌లో పెడితే పిచ్చి అక్షరాలు వస్తాయి. గూగుల్‌లో వెతికితే దొరకదు. ఆ ఫాంట్లు లేనివాళ్లకు పేరా మధ్యలో ఒక అంకె మార్చాలన్నా కష్టమే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలదీ దాదాపు ఇదే సంగతి. పుస్తకమంతా పేజీల ఫొటోలే, కేటలాగులో పేర్లు వంకరటింకర ఇంగ్లీషు స్పెల్లింగుల్లో. పైగా కాపీరైట్ అభ్యంతరాలతో ఆ సైటే మూతపడింది. చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మిగిలాయి కాబట్టి సరిపోయింది.

2016-17లో తెలంగాణ డిగ్రీ కోర్సులకు సీబీసీఎస్ (విద్యార్థి కొన్ని సబ్జెక్టులు ఎంచుకునే క్రెడిట్ల పద్ధతి) వచ్చాక సిలబస్‌లు చాలావరకు దగ్గరయ్యాయి. ఒకరు రాసిన పాఠం వంద కాలేజీలకు పనికొచ్చే పరిస్థితి నిజానికి అప్పుడే ఏర్పడింది. 2020 మార్చిలో కాలేజీలు మూతపడేసరికి అందరూ ఒక్కసారిగా పీపీటీలు, వీడియోలు తయారు చేయాల్సి వచ్చింది, అదీ టెన్షన్‌లో, ఎవరికి వారే. నాటి సరుకంతా ఫోల్డర్లలో అలాగే ఉంది.

సరిదిద్దడానికి తీరిక ఎందుకు దొరకదంటే, దానికి లెక్క లేదు గనుక. 2010 యూజీసీ నిబంధనలు ప్రమోషన్లకు ఏపీఐ స్కోరు, అంటే అధ్యాపకుల పనికి పాయింట్ల లెక్క, పెట్టాయి. ప్రచురించిన పేపర్లు, పుస్తకాలు ముందుకొచ్చాయి. 2018 నిబంధనలు కొంత మార్చాయి. నాలుగు క్రెడిట్ల పూర్తి మూక్ (అందరికీ తెరిచిన ఆన్‌లైన్) కోర్సు తయారు చేస్తే 20 పాయింట్లు, పూర్తి కోర్సుకు ఈ-కంటెంట్ రాస్తే 12. కొత్తగా తయారు చేసినవారికి ఇది మంచిదే. ఉన్న పాఠాన్ని తీసుకుని, దిద్ది, తన విద్యార్థులకు అనువుగా మార్చిన మనిషికి మాత్రం ఆ పట్టికలో విడిగా గడి లేదు. అందుకే ఒకే యూనిట్‌ను పది మంది పది సార్లు రాస్తున్నారు.

ఇక చట్టం. ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ దుకాణం మీద పెద్ద ప్రచురణ సంస్థలు వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2016లో బోధన కోసం తీసే కాపీలకు అనుకూలంగా తీర్పు చెప్పింది. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లోని మినహాయింపు దానికి ఆధారం. దాంతో క్లాసులో కాపీలు పంచడానికి భయం తగ్గింది. కానీ తన పాఠాన్ని ఓఈఆర్‌గా బయట పెట్టాలనుకునే అధ్యాపకుడు చూడాల్సింది 17వ సెక్షన్. ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు ఉద్యోగం ఇచ్చిన యజమానే. క్లాసు కోసం రాసుకున్న నోట్స్ ఉద్యోగంలో భాగమా, సొంత రచనా? మాస్టార్లను అడిగితే సొంతమే అంటారు. రిజిస్ట్రార్ ఆఫీసు అలా అనకపోవచ్చు. యునెస్కో 2019 సిఫార్సు ప్రజాధనంతో తయారైన పాఠాలకు ఓపెన్ లైసెన్సు ఇచ్చే విధానాలు రావాలంటోంది. అది మన కాలేజీ దాకా రావాలంటే యూనివర్సిటీ నియమావళిలో ఒక పేరా చేరాలి. పాఠం మీద హక్కు రాసినవారిదేననీ, బీవై లైసెన్సుతో పెట్టడానికి విడిగా అనుమతి అడగనక్కరలేదనీ, మరొకరి పాఠాన్ని దిద్ది పెట్టినా ప్రమోషన్ ఫైల్లో రాసుకోవచ్చనీ అందులో ఉండాలి.