పంట కాలువలో పైవాడు, మురుగు కాలువలో కిందివాడు

ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. తర్వాత దాని స్థానంలో బ్యారేజీ వచ్చింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడింటికీ కలిపి సుమారు 10 లక్షల ఎకరాలకు అక్కడి నుంచే నీరు. సార్వాలో, అంటే వానాకాలం పంటకు, గోదారి నిండుగా ఉంటుంది కాబట్టి తగువులు తక్కువ. దాళ్వాలో, అంటే రెండో పంటకు, నది సన్నబడి, ఎగువన సీలేరు జలాశయాల నుంచి వదిలే నీటికోసం ఎదురుచూసే రోజుల్లో, సరిగ్గా వరి పొట్ట మీద ఉన్నప్పుడు ఎవరు ఎంతసేపు నీరు పెట్టుకోవాలనే వంతుల గొడవ మొదలవుతుంది.

వంతు నిలబడాలంటే ముందు లెక్క అందరికీ తెలియాలి. ఆ లెక్క చాలా తేలిక: ఒక క్యూసెక్కు (సెకనుకు ఒక ఘనపుటడుగు) నీరు గంటసేపు పారితే ఎకరానికి అంగుళం నిలుస్తుంది. దాళ్వా ఎండల్లో నల్లరేగడి మడి రోజుకు 7, 8 మిల్లీమీటర్లు తాగుతుంది. అంటే రెండంగుళాలు పెడితే ఆరు రోజులు. ఎకరానికి రెండు గంటలన్నమాట.

బోదెలో (పొలాలకు నీరు తెచ్చే చిన్న కాలువలో) క్యూసెక్కు ఉందో లేదో చూడ్డానికి ఇంజనీరు అక్కర్లేదు. తిన్నగా ఉన్నచోట 30 అడుగులు కొలిచి రెండు కర్రలు పాతి, ఒక కొబ్బరి పిందె వదలండి. 75 సెకన్లలో దాటితే వేగం సెకనుకు 0.4 అడుగు. పైన నీరు కాస్త జోరుగా పోతుంది కనుక 0.85తో గుణించాలి, 0.34 వస్తుంది. బోదె వెడల్పు 3 అడుగులు, లోతు అడుగు అయితే 1.02. క్యూసెక్కు ఉన్నట్టే. గాలి వీచేటప్పుడు కొలవకండి.

ఇక్కడే శివారు రైతు, అంటే కాలువ చివర ఉన్నవాడు, మోసపోయే చోటు ఒకటుంది. అదే కొలతల బోదె కిలోమీటరు పొడవుంటే, ఎండిన బోదె నిండడానికే దాదాపు 10 వేల ఘనపుటడుగులు కావాలి. క్యూసెక్కు చొప్పున రెండుంముప్పావు గంటలు. రెండెకరాల రైతుకు రాసిన నాలుగు గంటల్లో ఆ కాలాన్నీ కోస్తే మిగిలేది గంటంపావు, అది మడి తడవడానికి కూడా చాలదు. బోదె నిండే కాలాన్ని ఎవరి ఖాతాలోనూ వేయకుండా ఉమ్మడిగా పక్కన పెట్టాలి. వంతు పట్టీ రాసేటప్పుడే ఇది తేల్చుకోని సంఘాల్లో రెండో వంతుకే తూములు పగులుతాయి.

తూము దగ్గర జరిగే దొంగతనం కంటికి చిన్నది, లెక్కలో పెద్దది. ఆరంగుళాల గొట్టం తీసి తొమ్మిదంగుళాలది పెడితే నీరు ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు పోతుంది. కాలువకు అడ్డంగా ఇసుక బస్తాలు వేసి, తూముకు ఇటూ అటూ నీటిమట్టాల తేడాను మూడంగుళాల నుంచి అడుగుకు పెంచితే, ఆరంగుళాల గొట్టంలోనే అర క్యూసెక్కు కాస్తా క్యూసెక్కు దగ్గరికి చేరుతుంది. షట్టరుకు తాళం వేసి ఊరుకుంటే సరిపోదు, బస్తాలు కూడా చూడాలి. కాలువ కాసే ఒక్క లస్కరు రాత్రంతా ఎన్ని తూములని తిరుగుతాడు?

గుర్రపుడెక్క సంగతి ఇంకా విచిత్రం. కాలువ నడుమ డెక్క అల్లుకుంటే దానికి ఎగువన మట్టం లేస్తుంది, ఎగువ తూములు మరింత జోరుగా పారతాయి. డెక్క వల్ల నష్టపోయేవాడు కింద ఉంటాడు, డెక్క ఉన్న గట్టు మీద మాత్రం అందరూ సుఖంగానే ఉంటారు. అందుకే ఈ పనిని ఎవరి గట్టు వాళ్ళకు వదిలేస్తే కాదు, కాలువ మొత్తానికి ఒక్కటే పద్దు ఉండాలి. 1997 చట్టంతో వచ్చిన నీటి వినియోగదారుల సంఘాలకు కాలువ పొడవునా హద్దులు గీసింది ఇలాంటి పనుల కోసమే. ఏప్రిల్‌లో కాలువలకు నీరు ఆపేశాక జూన్‌లో నీరు వదిలేలోపు పని ముగియాలి. తీసిన డెక్కను గట్టు అంచున వేస్తే మొదటి వానకే జారి మళ్ళీ నీళ్ళలో పడుతుంది. పూత రాకముందే తీయాలి, దాని విత్తనం బురదలో ఏళ్ళ తరబడి బతుకుతుంది.

ఇంతవరకు పైవాడిదే పైచేయి. మురుగు కాలువ దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. కింద ఎవరో చేపలు పట్టడానికి అడ్డంగా మావులు కట్టినా, చెరువు గట్టును డ్రెయిన్‌లోకి జరిపినా, మునిగేది పైవాళ్ళ ఊడ్పులు. కోనసీమ రైతులు 2011లో సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పుకున్న బాధల్లో ఈ ముంపు కూడా ఉంది. పంట కాలువలో నీరు వదలమని కింది ఊరు అడిగేటప్పుడు, మురుగుకు దారి ఇవ్వమని పై ఊరు అడగొచ్చు. నీటి వంతుల పట్టీ, మురుగు పట్టీ రెండూ ఒకే సమావేశంలో, ఒకే కాగితం మీద రాసుకోవడం మంచిదని మా అభిప్రాయం. విడివిడిగా కూర్చుంటే ప్రతిసారీ ఒకరు అడుక్కునేవాళ్ళే అవుతారు.

సముద్రానికి దగ్గరలో డ్రెయిన్ చివర ఉండే స్లూయిస్ తలుపులు పోటు తీసినప్పుడు నీటి తోపుడుకే తెరుచుకుంటాయి, పోటెక్కితే మూసుకుంటాయి. తలుపు అంచున ఒక్క కొబ్బరి డొక్క ఇరుక్కుంటే చాలు, ఉప్పునీరు లోపలికి ఎక్కుతుంది. అమావాస్యకు, పున్నమికి ముందురోజు ఎవరో ఒకరు వెళ్ళి తలుపు చూసి రావాలి. ఆ పేరు కూడా పట్టీలో ఉండాలి.