హాలివల్ మెట్లు ఎక్కడివి?

స్కాట్లాండ్ పడమటి తీరాన మాలెగ్ రేవులో ఫెర్రీ ఎక్కితే రమ్ దీవికి చేరతాం. ఇక్కడ అన్నిటికన్నా ఎత్తైన కొండ ఆస్కివల్, 812 మీటర్లు. 2,500 నుంచి 3,000 అడుగుల మధ్య ఉన్న కొండలకు స్కాట్లాండ్‌లో ఒక పేరున్న జాబితా ఉంది. కొండలెక్కేవాళ్లు అందులో ఒక్కొక్కటీ పూర్తిచేస్తూ పోతారు. ఆస్కివల్ ఆ జాబితాలో ఉంది, పక్కనున్న 723 మీటర్ల హాలివల్ లేదు. అందుకే చాలామంది దాన్ని దారిలో తగిలే కొండగా చూసి దాటిపోతారు. నన్నడిగితే, ఈ దీవిలో తీరిగ్గా ఆగి చూడాల్సిన కొండ ఇదే.

దీని పైభాగం మెట్లుమెట్లుగా ఉంటుంది. లేత బూడిదరంగు రాయి గోడలా నిలబడితే, దాని మీద గోధుమరంగు వాలు, ఆ పైన మళ్లీ గోడ. గోడలు కట్టింది ట్రాక్టోలైట్ అనే గట్టి రాయి. వాలుల్లో ఉన్నది పెరిడోటైట్. అందులో ఒలివిన్ ఖనిజం ఎక్కువ, ఎండావానలకు తొందరగా పొడిపొడి అవుతుంది. తూర్పు రమ్‌లో ఇలాంటి జతలు ఒకదాని మీద ఒకటి దాదాపు 15 ఉన్నాయి.

సుమారు 6 కోట్ల ఏళ్ల కిందట, ఉత్తర అట్లాంటిక్ సముద్రం తెరుచుకుంటున్న రోజుల్లో, ఇక్కడొక అగ్నిపర్వతం ఉండేది. మన దక్కన్ లావాలు పారింది అంతకు కొద్దిగా ముందే. ఆ అగ్నిపర్వతం పైభాగమంతా ఎప్పుడో కోతకు పోయింది. ఇప్పుడు మనం ఎక్కే రాళ్లు భూమి లోపల శిలాద్రవం నిలిచిన చోట గడ్డకట్టినవి.

మరి ఈ పొరలు ఎలా వచ్చాయి? ఒక్కో పొరా విడిగా చొచ్చుకొచ్చిన శిలాద్రవమేనని 1908లో భూవిజ్ఞాని ఆల్ఫ్రెడ్ హార్కర్ రాశాడు. 1956లో జి. ఎం. బ్రౌన్ వేరే మాట చెప్పాడు: కొత్త శిలాద్రవం వచ్చి చేరినప్పుడల్లా, నీళ్లలో పోసిన బియ్యంలా, బరువైన ఒలివిన్ స్ఫటికాలు ముందు అడుక్కి దిగాయి, ఫెల్డ్‌స్పార్ అనే లేతరంగు ఖనిజం తర్వాత జత కలిసింది. పాఠ్యపుస్తకాల్లో ఈ వివరణే చాలాకాలం నిలిచింది. 1980ల నుంచి హార్కర్ ఆలోచన కొంతవరకు తిరిగొచ్చింది. కొన్ని పెరిడోటైట్ పొరలు పాత పొరల మధ్యకి తర్వాత దూరినవేనని ఇప్పుడు చాలామంది భావిస్తున్నారు. ఒకే కొండను ఇన్నేళ్లుగా మళ్లీ మళ్లీ చదువుతున్నారంటే ఎంత ఆశ్చర్యం!

పొడిపొడి అయ్యే ఆ రాయిలోంచి నీరు నిలవని మెత్తటి నేల తయారైంది. మాంక్స్ షియర్‌వాటర్ అనే సముద్రపక్షికి కావలసింది అదే. లక్షకు పైగా జంటలు ఈ ఎత్తుల్లో బొరియలు తవ్వుకుని, ఏడాదికి ఒక్క గుడ్డు పెడతాయి. కాళ్లు బాగా వెనక్కి ఉండటంతో నేల మీద సరిగా నడవలేవు. గద్దలకు, పెద్ద గల్ పక్షులకు చిక్కకుండా రాత్రి చీకట్లోనే గూటికి వస్తాయి, అరుస్తూ. వాటి రెట్ట పడిన చోటల్లా గడ్డి దట్టంగా, పచ్చగా ఉంటుంది, ఎర్రదుప్పులు దాన్ని మేయడానికి అంత ఎత్తుకీ ఎక్కుతాయి. శరదృతువు వచ్చేసరికి పక్షులు దక్షిణ అమెరికా తీరానికి బయల్దేరతాయి.

వేసవిలో హాలివల్ ఎక్కేవాళ్లు రాళ్ల మీదే నడవాలి. పచ్చిక మీద అడుగేస్తే బొరియ కుంగి, లోపలున్న పిల్ల చచ్చిపోవచ్చు.