మైనస్ 90

చిక్కడపల్లిలో మా సందు మలుపున ఇస్త్రీ బండి పెట్టుకున్నాయన మొన్న పాస్‌బుక్కు పట్టుకొచ్చాడు. "సార్, ఇందుల పైసలు ఎటు పోయినయో జర చూడుండ్రి" అన్నాడు. అప్పుడే బ్యాంకు మిషన్‌లో ప్రింటు వేయించుకొచ్చిన పేజీ. నిల్వ 264 రూపాయలు. ఒక నెల 118 పోయి 146 అయింది. తర్వాతి నెల ఇంకో 118 పోయి 28 మిగిలింది. మూడో నెలా అదే 118. నిల్వ దగ్గర మైనస్ 90.

ఖాతాలో ఉన్న డబ్బులు పోవడం ఆయనకు కొత్త కాదు. లేని డబ్బులు ఎలా పోయాయన్నదే అంతుపట్టలేదు.

118 అంటే కనీస నిల్వ ఉంచనందుకు జరిమానా 100, దాని మీద జీఎస్టీ 18. ఇస్త్రీకి ముందు ఆయన సెక్యూరిటీ గార్డుగా చేసేవాడు. ఏజెన్సీ తెరిపించిన జీతం ఖాతా అది. ఉద్యోగం మానేశాక జీతం పడటం ఆగింది, కొన్నాళ్లకు అది మామూలు సేవింగ్స్ ఖాతాగా మారిపోయింది. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో, అదీ పాత ఫోన్ నంబరుకు చెప్పి ఉంటారు.

ఈ కోతకు పాతికేళ్లు పైబడిన చరిత్ర ఉంది. 1999 దాకా ఏ సేవకు ఎంత తీసుకోవాలన్నది బ్యాంకుల సంఘమైన ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ ఖరారు చేసేది, బ్యాంకులన్నీ ఇంచుమించు ఆ పట్టికనే పాటించేవి. ఆ ఏడాది సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంక్ ఆ పద్ధతికి స్వస్తి చెప్పి, ఛార్జీల నిర్ణయాన్ని ఏ బ్యాంకు బోర్డుకు ఆ బ్యాంకు బోర్డుకే వదిలేసింది. పోటీ ఉంటే ధరలు వాటంతటవే దిగుతాయన్నది ఆనాటి నమ్మకం. లక్షలున్న కస్టమర్ కోసం పోటీ నిజంగానే వచ్చింది. 264 రూపాయలున్న కస్టమర్ కోసం ఎవరు పోటీ పడతారు?

ఈ తేడాను రిజర్వ్ బ్యాంక్ కాస్త ఆలస్యంగా గుర్తించింది. అప్పటి గవర్నర్ మన యాగా వేణుగోపాల్ రెడ్డి. 2005 ఏప్రిల్ విధాన ప్రకటనలోనే పెన్షనర్లను, సొంత పనులు చేసుకునేవాళ్లను, అసంఘటిత రంగంలోని వాళ్లను బ్యాంకులు దగ్గరికి తీయకుండా దూరం పెడుతున్నాయని రిజర్వ్ బ్యాంక్ ఆక్షేపించింది. నవంబరులో 'నో ఫ్రిల్స్' ఖాతాలు తెరవమని బ్యాంకులకు చెప్పింది. అంటే హంగులేవీ లేని ఖాతా, నిల్వ సున్నా అయినా, కొద్దిగా ఉన్నా నడిచేది. మరుసటి ఏడాది ఛార్జీల సంగతి చూడటానికి ఎన్. సదాశివన్ అధ్యక్షతన ఒక బృందాన్ని వేసింది. అది 27 సేవలను ప్రాథమిక సేవలుగా గుర్తించి, వాటి ఛార్జీలు సామాన్యుడికి అందుబాటులో ఉండాలంది. ఇంత అని పరిమితి మాత్రం పెట్టలేదు. అసలు చిక్కు అక్కడే మిగిలిపోయిందని నాకు అనిపిస్తుంది.

'నో ఫ్రిల్స్' అన్న పేరే నామోషీగా తయారైంది. అందుకే 2012 ఆగస్టు 10న పేరు మార్చి బేసిక్ సేవింగ్స్ బ్యాంక్ డిపాజిట్ ఖాతా అన్నారు. జనం నోట్లో అది 'జీరో అకౌంట్'. కనీస నిల్వ అక్కర్లేదు, ఏటీఎం కార్డు ఉచితం, నెలకు నాలుగుసార్లు ఉచితంగా డబ్బు తీసుకోవచ్చు. పేదలకే అన్న షరతేమీ లేదు, ఎవరైనా తెరవొచ్చు. కాకపోతే అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా ఉండకూడదు. సరైన గుర్తింపు కాగితాలు లేనివాళ్లకు ఫొటో, సంతకం లేదా వేలిముద్రతో తెరిచే చిన్న ఖాతా ఉంది. అందులో నిల్వ 50,000, ఏడాదికి జమ లక్ష, నెలకు విత్‌డ్రా 10,000 దాటకూడదు. 2014 ఆగస్టు 28న వచ్చిన జన్‌ధన్ ఖాతాలు కూడా ఈ బేసిక్ జాతివే. అందుకే చాలామంది జీరో అకౌంట్ అంటే జన్‌ధనే అనుకుంటారు, అది వేరుగా అడిగి తెరుచుకోవచ్చని తెలియదు.

2014లోనే రిజర్వ్ బ్యాంక్ నుంచి రెండు సర్క్యులర్లు వచ్చాయి. ఆగస్టులో వచ్చినది ఏటీఎంల గురించి. వేరే బ్యాంకు ఏటీఎంలో ఉచిత లావాదేవీలను ఆరు మహానగరాల్లో ఐదు నుంచి మూడుకు తగ్గించారు. ఆ ఆరింటిలో హైదరాబాద్ ఉంది. మెట్రో హోదా మనకు ఇలా కూడా పనికొచ్చింది.

నవంబరు 20న వచ్చిన రెండోది మన మైనస్ 90కి నేరుగా తగిలేది. జరిమానా వేసే ముందు కస్టమర్‌కు చెప్పాలి, నిల్వ సరిచేసుకోవడానికి కనీసం నెల గడువు ఇవ్వాలి, తక్కువైన మొత్తాన్ని బట్టే జరిమానా ఉండాలి. కేవలం ఈ జరిమానా వల్ల ఖాతా మైనస్‌లోకి పోకూడదు. 2015 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది.

ఆ తర్వాత 2017 ఏప్రిల్ 1 వచ్చింది. నిజాం కాలంలో 1941లో పుట్టి, గన్‌ఫౌండ్రీ కేంద్రంగా ఎదిగిన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఆ రోజు స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. 2012లో ఎత్తేసిన కనీస నిల్వ జరిమానాను ఎస్‌బీఐ మళ్లీ తెచ్చింది కూడా సరిగ్గా ఆ రోజే. మహానగరాల్లో నెలకు సగటున 5,000 ఉండాలన్నారు. ఎస్‌బీహెచ్ పాస్‌బుక్కుతో పడుకున్న హైదరాబాదీ తెల్లారేసరికి కొత్త బ్యాంకుకూ కొత్త జరిమానాకూ ఒకేసారి మేల్కొన్నాడు. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఈ పద్దు కింద వసూలైంది 1,771 కోట్లు. జూలై–సెప్టెంబరు త్రైమాసికంలో ఆ బ్యాంకు నికర లాభం 1,581 కోట్లేనని పత్రికలు పక్కపక్కన పెట్టి రాశాక గగ్గోలైంది. అక్టోబరులోనే 5,000ను 3,000 చేశారు, 2018 ఏప్రిల్‌లో జరిమానాలు బాగా తగ్గించారు, 2020 మార్చిలో పూర్తిగా ఎత్తేశారు. మిగతా ప్రభుత్వ బ్యాంకుల్లో చాలా వరకు 2025లో గానీ దాన్ని ఎత్తేయలేదు. 2019–20 నుంచి ఐదేళ్లలో ప్రభుత్వ బ్యాంకులు ఈ జరిమానా కింద 8,495 కోట్లు రాబట్టాయని కేంద్రం 2024లో పార్లమెంటుకు చెప్పింది. ప్రైవేటు బ్యాంకుల్లో ఇప్పటికీ ఉంది. 2025 ఆగస్టులో ఒక పెద్ద ప్రైవేటు బ్యాంకు కొత్త ఖాతాలకు నగరాల్లో 50,000 అని, గొడవయ్యాక 15,000కు దిగింది. అది ఆయా బ్యాంకుల ఇష్టమని రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ అన్నారు. 1999 నాటి మాటే.

జీరో అకౌంట్లనూ వదల్లేదు. నెలకు నాలుగు దాటితే యూపీఐ చెల్లింపుకు కూడా 17.70 చొప్పున కోసిన సంగతిని ఐఐటీ బాంబే ప్రొఫెసర్ ఆశిష్ దాస్ లెక్కలతో బయటపెట్టారు. 2020 జనవరి 1 తర్వాత అలా కోసినవి తిరిగి ఇవ్వమని ప్రత్యక్ష పన్నుల బోర్డు ఆ ఆగస్టులో బ్యాంకులను ఆదేశించింది. అంతకు ముందు పోయినవాటికి ఆ ఆదేశం వర్తించలేదు.

బ్రిటన్‌లోనూ ఇలాంటి పోరు నడిచింది. ఓవర్‌డ్రాఫ్ట్ ఛార్జీలు, అంటే ఖాతాలో ఉన్నదానికి మించి పోయినందుకు వేసేవి, అన్యాయమంటూ 2006, 2007ల్లో జనం ఉత్తరాలు రాసి డబ్బు వెనక్కి రాబట్టుకున్నారు. చివరికి 2009 నవంబరులో అక్కడి సుప్రీంకోర్టు, ధర ఎక్కువా తక్కువా అన్న కోణంలో వాటి న్యాయాన్ని తేల్చడం కుదరదని బ్యాంకుల వైపు తీర్పిచ్చింది. మన దగ్గర ఆ చర్చలోకి దిగనక్కర్లేదు. "అన్యాయం" అంటే కౌంటర్‌లో ఎవరూ తల ఎత్తరు. "మైనస్‌లోకి ఎలా తీశారు? నోటీసు ఎప్పుడు, ఏ నంబరుకు పంపారు?" అంటే ఎత్తుతారు.

మేం అదే రాశాం. తెల్లకాగితం మీద రెండు అర్జీలు. ఒకటి కోతల మీద, రెండోది ఈ ఖాతాను బేసిక్ ఖాతాగా మార్చమని. అలా రాసిస్తే మార్చాలి. జిరాక్సుల మీద ముద్ర కొట్టించుకున్నాం. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆ ఏర్పాటు 1995 నుంచీ ఉంది, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఆఫీసు సైఫాబాద్ రిజర్వ్ బ్యాంకులో. అక్కడిదాకా పోనక్కర్లేదు, ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. 14448కు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

నాలుగో రోజు ఆయన మళ్లీ ప్రింటు వేయించుకొచ్చాడు. మూడో 118 తిరిగి జమైంది. నిల్వ 28. మొదటి రెండు కోతలకు నోటీసు పాత నంబరుకు పంపామని మేనేజర్ అంటున్నాడు. ఆ అర్జీ ఇంకా తేలలేదు.